ఇటాలియన్ ల్యాండ్‌స్కేప్‌ను వేలంలో కొనడం ఎలా: బొమ్మకన్నా ముందు దాని వెనకవైపు చూడండి

ఒక లాట్ (వేలానికి పెట్టిన వస్తువు) ఊహించుకోండి. 50 సెంటీమీటర్ల ఎత్తు, 70 సెంటీమీటర్ల వెడల్పు. ఫ్లోరెన్స్ శివార్లలో రాతిగోడల మధ్య ఎక్కిపోతున్న బాట, గోడ అవతల ఆలివ్ చెట్లు, పైన బూడిదరంగు ఆకాశం. అట్ట మీద నూనెరంగులు, 1950 ప్రాంతం, కింద కుడిమూల సంతకం. అంచనా ధర 6,000 నుంచి 9,000 యూరోలు. ఫొటో చూడగానే నచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

పాట పాడటం ఇందులో ఆఖరి పని, అన్నిటికన్నా సులువైనదీ అదే. డబ్బు పోయేది ఎక్కువగా అంతకు రెండు వారాల ముందు, అడగాల్సిన ప్రశ్నలు అడగకపోవడం వల్ల. హైదరాబాదు నుంచి పాడినా, న్యూజెర్సీ నుంచి పాడినా వరస ఒకటే. చివర్లో కస్టమ్స్ దగ్గర మాత్రం దారులు వేరవుతాయి.

ఊరూ ఏడూ కలుస్తున్నాయా?

ఇరవయ్యో శతాబ్దపు ఇటలీలో ప్రకృతిదృశ్యాలు గీసినవారు చాలామంది ఒకటి రెండు ఊళ్లను పట్టుకుని జీవితమంతా గీశారు. కొనేవారికి ఇది పెద్ద వసతి. జోర్జియో మొరాందీ (1890-1964) ల్యాండ్‌స్కేపుల్లో ఎక్కువ భాగం రెండు చోట్లవే: బొలోన్యాలో వియా ఫొందాజ్జా ఇంటి కిటికీలోంచి కనబడే పెరడు, ఆ నగరానికి దక్షిణాన కొండల్లో ఉన్న గ్రిజ్జానా. 1943-44లో యుద్ధం నుంచి తప్పించుకుని ఆయన గ్రిజ్జానాలోనే ఉన్నారు, ఆ ఊరి ఇళ్లనూ మట్టిబాటలనూ అప్పుడు విస్తారంగా గీశారు. కార్లో కర్రా (1881-1966) సముద్రతీరం అంటే 1926 తర్వాత ఫోర్తే దేయ్ మార్మి. ఆర్తూరో తోజీ (1871-1956) అయితే బెర్గమో కొండల్లోని రొవెత్తా, లిగూరియా తీరంలోని జొయాల్యీ. ఒత్తోనే రోజాయ్ (1895-1957) ఫ్లోరెన్స్ గోడలబాటల మనిషి, ముఖ్యంగా వియా సాన్ లియొనార్దో. మారియో సిరోనీ (1885-1961) గీసినవి మిలాన్ శివార్లు: ఫ్యాక్టరీ గోడ, ట్రాము, మనుషుల్లేని వీధి.

కాబట్టి మొదటి పని కాగితం మీద జరుగుతుంది. బొమ్మలో కనిపించే చోటును, దాని మీద వేసిన తేదీని, ఆ చిత్రకారుడు ఆ ఏడు ఎక్కడున్నాడన్న దాన్ని పక్కపక్కన పెట్టండి. ఫోర్తే దేయ్ మార్మి స్నానపు గుడిసెల మీద 1919 అని ఉంటే ఆగి అడగాలి. అది దొంగదే అని దానర్థం కాదు. తర్వాతెప్పుడో గుర్తుకొచ్చినంత వేసిన తేదీ కావచ్చు, డీలరు చేర్చినది కావచ్చు. ఏదైనా ధర మీద ప్రభావం చూపుతుంది.

ధర విషయానికొస్తే, ఒకే చిత్రకారుడి 1910ల, 1920ల పనికీ యుద్ధం తర్వాతి పనికీ మధ్య తేడా రెట్లలో ఉంటుంది. రోజాయ్ 1920 ప్రాంతపు బొమ్మల ధరతో ఆయన 1950ల బాటను పోల్చి "చవగ్గా వస్తోంది" అనుకోవడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు. పోల్చాల్సింది అదే దశాబ్దం, అదే కొలత, అదే ఆధారం ఉన్నవాటిని. ఆధారం అంటే రంగు వేసిన వస్తువు: కాన్వాస్, అట్ట, చెక్క. మిగతావన్నీ సమానమైతే అట్ట కన్నా కాన్వాస్‌కు ఎక్కువ పలుకుతుంది.

పాత ఫలితాలు ఆర్ట్‌ప్రైస్, ఆర్ట్‌నెట్ వంటి వాటిలోనూ, వేలంసంస్థల సొంత సైట్లలోనూ దొరుకుతాయి. ఒక సంస్థ సుత్తి ధర, అంటే వేలంలో ఆఖరి పాట మాత్రమే చూపిస్తుంది, ఇంకొకటి కమిషన్ కలిపి చూపిస్తుంది. ఈ రెంటినీ ఒకే వరసలో రాసుకుంటే లెక్క పావువంతు తప్పుతుంది. మీ బొమ్మే గతంలో అమ్ముడుపోకుండా మిగిలిందేమో కూడా వెతకండి. ఇటాలియన్‌లో దాన్ని ఇన్వెందూతో అంటారు. రెండేళ్ల కింద మిగిలిపోయిన బొమ్మ ఈసారి తక్కువ అంచనాతో వస్తే, అప్పుడెందుకు ఎవరూ పాడలేదో తెలుసుకునే దాకా చెయ్యెత్తకండి.

ఇటలీలో గ్యాలరీలు వాడే ఇంకో పద్ధతి ఉంది, దానితో మోసపోకండి. ఎత్తు, వెడల్పు కూడి దాన్ని చిత్రకారుడి "కోయెఫిచియెంతే" అనే గుణకంతో, ఆపైన పదితో హెచ్చిస్తారు. 50, 70 కలిపితే 120. గుణకం 6 అయితే 7,200 యూరోలు. ఇది గ్యాలరీవారు రాసుకున్న ధర. వేలంలో అదే చిత్రకారుడు అందులో సగానికో మూడోవంతుకో పోవడం మామూలే.

కేటలాగులో ఒక్కో మాటా ఎందుకుందో

లాట్ వివరణ పది వరసలే ఉంటుంది, కానీ ప్రతి మాటా లాయరు చూసి వేసినదే. కొలతల్లో మొదట ఎత్తు, తర్వాత వెడల్పు. "ఓలియో సు తేలా" అంటే కాన్వాస్ మీద నూనెరంగు. "సు కార్తోనే" అంటే అట్ట మీద. "కార్తోనే తెలాతో" అంటే గుడ్డ అంటించిన అట్ట. "సు తావోలా" చెక్క పలక. "సు ఫాయెసితే" అంటే చెక్క నుజ్జుతో ఒత్తిన గట్టి పలక, మనం హార్డ్‌బోర్డు అనేది. "కార్తా రిపొర్తాతా సు తేలా" అని ఉంటే కాగితం మీద గీసి తర్వాత కాన్వాస్‌కు అంటించారని. ఈ చివరిదాన్ని ఫొటోలో కాన్వాస్ అనే అనుకుంటారు. ధరలో కాదు.

"ఇన్ ప్రీమా తేలా" అన్న మాట కనిపిస్తే సంతోషించండి. కాన్వాస్‌కు వెనక ఇంకో గుడ్డ అంటించలేదు, మొదటి గుడ్డ మీదే ఉందని అర్థం. "రిఫోదెరాతో", "రీంతెలాతో" అంటే వెనక కొత్త గుడ్డ అంటించారు. ఇరవయ్యో శతాబ్దపు బొమ్మకు ఆ అవసరం ఎందుకొచ్చిందో అడగాలి. చిరుగా, నీళ్లు పడ్డాయా, పెచ్చులు లేచాయా? ఇంకో నష్టమూ ఉంది: వెనక ఉండాల్సిన రాతలూ ముద్రలూ ఆ కొత్త గుడ్డ కింద మూసుకుపోతాయి.

అన్నిటికన్నా ఖరీదైన తేడా సంతకం దగ్గర ఉంటుంది. "ఫిర్మాతో" అంటే చిత్రకారుడు సంతకం చేశాడని సంస్థ చెబుతోంది. "రేకా ఫిర్మా" అంటే బొమ్మ మీద ఒక సంతకం ఉంది, ఎవరిదో మేం చెప్పం అని. ఒక్క క్రియ మారితే హామీ మాయం. అలాగే పేరు ముందు ఏమీ లేకపోతే ఆ చిత్రకారుడిదే, "ఆత్రిబుయీతో ఆ" ఉంటే ఆయనది కావచ్చు, "చేర్కియా ది" ఉంటే ఆయన చుట్టూ ఉన్నవారిది, "ఆల్లా మనియేరా ది" ఉంటే ఆయన తరహాలో ఎవరో ఎప్పుడో గీసినది.

ధ్రువపత్రం ఎవరిచ్చారు?

ఇటలీలో "ఔతెంతికా సు ఫొతోగ్రాఫియా" అని ఒక ఆచారం. బొమ్మ ఫొటో తీసి, దాని వెనక "ఇది అసలు బొమ్మే" అని చిత్రకారుడో, ఆయన కుటుంబమో, ఒక విమర్శకుడో రాసి సంతకం చేసేవారు. ఇరవయ్యో శతాబ్దమంతా వ్యాపారం ఈ ఫొటోల మీదే నడిచింది. చిత్రకారుడి చేతిరాతతో ఉన్నది దొరికితే మంచిదే. చిక్కేమిటంటే ఫొటో ఒకటి, బొమ్మ ఇంకొకటి. అసలు బొమ్మ ఫొటోను నకలుతో జతచేసి అమ్మడం పాత మాయ. ఫొటోనూ బొమ్మనూ పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూడండి. కుంచె విసురు, ఆకుల మధ్య ఖాళీలు, సంతకంలో చివరి అక్షరపు తోక, ఇవన్నీ అచ్చంగా కలవాలి. గీసిన చేతికే అదే విసురు రెండోసారి అలాగే రాదు.

ఇప్పుడు మార్కెట్ ఎక్కువగా నమ్మేది చిత్రకారుడి ఆర్కీవియోను, అంటే ఆయన పనిని నమోదు చేసే సంస్థను. మొరాందీ విషయంలో లాంబెర్తో వితాలి 1977లో తెచ్చిన సమగ్ర జాబితాలో నంబరు ఉందా అన్నది మొదటి ప్రశ్న. అందులో లేనివాటిని బొలోన్యాలోని చెంత్రో స్తూది జోర్జియో మొరాందీ పరిశీలించిందా అన్నది రెండోది. కర్రాకు మాస్సిమో కర్రా 1967-68లో మూడు సంపుటాలుగా తెచ్చిన జాబితా ఉంది. ఒకే చిత్రకారుడికి రెండు సంస్థలు పోటీపడే సందర్భాలూ ఉంటాయి. అలాంటప్పుడు ఒకదాని పత్రం ఉన్న బొమ్మను రేపు మీరు అమ్మబోతే రెండోదాని పత్రమూ అడుగుతారు. పెద్ద వేలంసంస్థలు ఆ చిత్రకారుడికి ఎవరి పత్రాన్ని ఒప్పుకుంటున్నాయో గత కేటలాగులు తిరగేస్తే తెలిసిపోతుంది.

వేలంసంస్థకు మీరు రాసే ఉత్తరంలో ఈ మాట స్పష్టంగా ఉండాలి: "ఆర్కీవియో పత్రం నంబరు, తేదీ, పత్రం స్కాన్ పంపండి. అసలు పత్రం బొమ్మతోపాటు ఇస్తారా?" "నమోదు ప్రక్రియలో ఉంది" అన్న జవాబు వస్తే, వేలం రోజుకు పత్రం లేనట్టే లెక్క. ఆర్కీవియో తర్వాత కాదంటే డబ్బు వాపసిస్తారా, ఎన్ని రోజుల్లోపు చెప్పాలి అన్నది షరతుల్లో చదివి, అర్థం కాకపోతే రాతపూర్వకంగా అడగండి.

దొంగిలించిన సొత్తా అన్నదీ చూసుకోవాలి. ఇటలీ కరబినియేరీ పోలీసుల్లో సాంస్కృతిక సంపద రక్షణకని 1969 నుంచీ ప్రత్యేక విభాగం ఉంది. పోయిన బొమ్మల జాబితాను వాళ్లు ఎవరైనా వెతుక్కునేలా పెట్టారు. పేరుతోనూ, విషయంతోనూ, కొలతలతోనూ వెతకొచ్చు. పది నిమిషాల పని.

బొమ్మను నిలువునా చదవడం

వీలైతే వేలానికి ముందు ప్రదర్శన రోజుల్లో స్వయంగా చూడండి, లేదా ఆ నగరంలో ఉన్న రెస్టోరర్‌కు, అంటే పాత బొమ్మలు బాగుచేసే నిపుణుడికి, గంటకింత అని ఇచ్చి చూపించండి. 8,000 యూరోల బొమ్మకు ఇది వృథా ఖర్చు కాదు. ఎవరూ వెళ్లలేకపోతే బొమ్మ ఏ స్థితిలో ఉందో చెప్పే కండిషన్ రిపోర్టు అడగాలి. ఉచితంగానే ఇస్తారు, కానీ వేలానికి కనీసం 4 పనిదినాల ముందు అడగండి. ముందురోజు అడిగితే "వయసుకు తగిన స్థితిలో ఉంది" అని ఒక్క వరస వస్తుంది, దానికి అర్థం లేదు.

రిపోర్టుతోపాటు ఐదు ఫొటోలు అడగండి: ఫ్రేము తీసిన ముందువైపు, వెనకవైపు మొత్తం, నాలుగు అంచులు, సంతకం దగ్గరగా, అల్ట్రావయొలెట్ దీపం కింద మొత్తం బొమ్మ. ఇంకోటి బోనస్: దీపాన్ని పక్కనుంచి వాలుగా వేసి తీసినది. ఆ వాలు వెలుతురులో ఉబ్బులు, నొక్కులు, లేచిన పెచ్చులు, కింద ఉన్న పాత బొమ్మ గట్లు అన్నీ నీడలు పడి బయటపడతాయి.

వెనకవైపు మీద ఎక్కువ సమయం పెట్టండి. ఎగ్జిబిషన్ లేబుళ్లు, గ్యాలరీ ముద్రలు, సుద్దతో రాసిన నంబర్లు, పాత ధర. లేబుల్ మీద ఉన్న ప్రదర్శన, ఏడు, ఊరు కేటలాగులో రాసిన చరిత్రతో కలవాలి. లేబుల్ చుట్టూ ఉన్న చెక్క లేదా గుడ్డ రంగు మారి, లేబుల్ కింద మారకుండా ఉంటే అది అక్కడే ఏళ్ల తరబడి ఉంది. కాన్వాస్ కొత్తగా, దాన్ని బిగించిన చట్రం పాతగా ఉంటే, పాత చట్రం తెచ్చి బిగించారా అని అనుమానించాలి. మేకుల బదులు స్టేపుల్ పిన్నులు ఉంటే తప్పనిసరిగా దొంగ అనుకోకండి, తర్వాత మళ్లీ బిగించి ఉండొచ్చు. అయితే అంచుల్లో పాత మేకుల రంధ్రాలు, వాటి చుట్టూ తుప్పు కనిపించాలి.

అల్ట్రావయొలెట్ దీపానికి 365 నానోమీటర్లది కావాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 395 టార్చిలు ఊదారంగు వెలుతురే ఎక్కువ చిమ్ముతాయి, అసలు మెరుపు అందులో మునిగిపోతుంది. చీకటి గదిలో చూస్తే పాత వార్నిష్ పచ్చగా మసకగా మెరుస్తుంది. దాని మీద తర్వాత వేసిన రంగు నల్లటి మచ్చల్లా ఉంటుంది. ఆకాశంలో చెదురుమదురుగా నాలుగైదు మచ్చలుంటే ఫరవాలేదు. సంతకం మొత్తం నల్లగా వార్నిష్ పైన తేలుతుంటే ఆ లాట్ వదిలేయండి. జింక్ వైట్ పసుపుపచ్చగా మెరుస్తుంది, టైటానియం వైట్ ముదురుగా ఉండిపోతుంది. కాగితమో గుడ్డో నీలితెలుపుగా ధగధగమంటే అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉంది. అవి 1950 ప్రాంతం నుంచే వాడుకలోకి వచ్చాయి. 1935 అని చెప్పే బొమ్మ కాన్వాస్ అలా మెరిస్తే జవాబు చెప్పాల్సింది అమ్మేవారు.

రంగుల వయసు కూడా సాక్ష్యమే. టైటానియం వైట్ చిత్రకారుల చేతికి వచ్చింది 1920ల్లో. థాలోసైనైన్ నీలం 1935లో, అదే జాతి పచ్చ 1938లో మార్కెట్లోకి వచ్చాయి. 1915 అని తేదీ ఉన్న సముద్రంలో థాలో నీలం కనబడితే ఇక వాదన లేదు. దీనికి ల్యాబ్ పరీక్ష కావాలి, పెద్ద ధర ఉన్న బొమ్మలకే అది గిట్టుబాటు.

ఆధారాన్నిబట్టి జబ్బులు మారతాయి. అట్టలో ఆమ్లం ఉంటుంది, అందుకని అది గోధుమరంగుకు తిరిగి పెళుసవుతుంది. మూలలు పొరలు పొరలుగా విడిపోతాయి, ఒక పక్కే రంగు ఉండడం వల్ల తేమకు విల్లులా వంగుతుంది. మూలల్లో మేకు రంధ్రాలు మామూలే, బయట ఎండలో బోర్డుకు కొట్టుకుని గీసేవారు. మధ్యలో మడత పడి విరిగిన గీత ఉంటే మాత్రం అది ఎన్నటికీ కనబడుతూనే ఉంటుంది, ధరలో కోయాల్సిందే. కాన్వాస్ మీద చట్రం కర్రకు సమాంతరంగా వచ్చే పగుళ్లు ప్రమాదకరం కావు. సాలెగూడులా వలయాలుగా ఉన్నవి వెనకనుంచి ఏదో తగిలిన దెబ్బకు వచ్చినవి. జింక్ వైట్ ఎక్కువ వాడిన తెల్లటి గోడలూ మబ్బులూ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసై పెచ్చులుగా లేస్తాయి. ఇరవయ్యో శతాబ్దపు ఇళ్లబొమ్మల్లో ఇదే ఎక్కువగా కనిపించే రోగం. "రంగు లేచిన చోట్లు ఉన్నాయా, అంటించారా?" అని ప్రత్యేకంగా అడగండి. అంటించని పెచ్చులతో బొమ్మ విమానమెక్కితే దిగేసరికి పెట్టె అడుగున పొడి ఉంటుంది.

ఇటలీ దాటుతుందా?

విదేశాల్లో ఉన్నవారికి అసలు చిక్కు ఇక్కడుంది. ఇటలీలో 2004 నాటి సాంస్కృతిక సంపద కోడ్ ప్రకారం, చిత్రకారుడు చనిపోయి, బొమ్మకు 70 ఏళ్లు నిండితే దేశం దాటించడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. 2017 వరకు ఈ గీత 50 ఏళ్ల దగ్గర ఉండేది, ఆ ఏడు ఆగస్టు నాటి చట్టం 70కి జరిపింది. అదే చట్టం 13,500 యూరోల పరిమితినీ తెచ్చింది. 70 దాటినా ఆ విలువకు లోబడిన బొమ్మలను స్వయం ప్రకటనతో పంపొచ్చు.

లెక్క ఇలా: 1950లో గీసినది 2020లోనే గీత దాటింది. 1958 నాటిది 2028లో దాటుతుంది. బొమ్మ మీద తేదీ లేకపోతే ఆర్కీవియో చెప్పిన తేదీయే ఆధారం.

అనుమతి అవసరమైతే ఎగుమతి కార్యాలయానికి బొమ్మను తీసుకెళ్లి చూపించాలి. రోమ్, మిలాన్, ఫ్లోరెన్స్, వెనిస్ వంటి నగరాల్లో ఈ కార్యాలయాలున్నాయి. వాళ్లిచ్చేది "అత్తెస్తాతో ది లిబెరా చిర్కొలాజియోనే", గడువు 5 ఏళ్లు. చట్టం ప్రకారం 40 రోజుల్లో తేల్చాలి, ఆచరణలో దానికి నెలో రెండు నెలలో కలుపుకోండి. కాదంటే సాధారణంగా బొమ్మను జాతీయ ప్రాధాన్యం ఉన్నదిగా ప్రకటించే ప్రక్రియ మొదలవుతుంది. దీన్ని వ్యాపారంలో "నోతిఫికా" అంటారు. నోతిఫికా పడ్డ బొమ్మ మీదే, కానీ ఇటలీలోనే ఉండాలి. అమ్మితే ఇటలీలోనే అమ్మాలి, అప్పుడు ముందుగా కొనే హక్కు 60 రోజులు ప్రభుత్వానిది. ధర పడిపోతుంది. చాలా వేలంసంస్థల షరతుల్లో అనుమతి రాకపోయినా కొనుగోలు రద్దు కాదు, డబ్బు గడువులోపు కట్టాల్సిందే. ఆ క్లాజును రెండుసార్లు చదవండి.

అందుకే వేలానికి ముందే మూడు ప్రశ్నలు: అత్తెస్తాతో ఇప్పటికే ఉందా? ఉంటే గడువు ఎప్పటిదాకా? లేకపోతే బొమ్మ విదేశాల నుంచి తాత్కాలిక దిగుమతి పత్రంతో వచ్చిందా? తాత్కాలిక దిగుమతిలో ఉన్నది, ఆ పత్రం గడువు 5 ఏళ్లలోపు ఉంటే, మళ్లీ వెళ్లిపోవడానికి ఇబ్బంది ఉండదు. ఇలాంటి లాట్లకు కేటలాగులో చిన్న గుర్తు వేస్తారు, విదేశీయులు వాటిమీదే ఎక్కువ పాడతారు.

ఇక ఒక హెచ్చరిక. విలువ తక్కువ చూపిస్తే పని తేలికవుతుందని కొందరు ఏజెంట్లు సలహా ఇస్తారు. వినకండి. అత్తెస్తాతో దరఖాస్తులో మీరు రాసిన విలువకే బొమ్మను బలవంతంగా కొనే అధికారం ఇటలీ ప్రభుత్వానికి ఉంది. 40,000కు కొన్నదాన్ని 14,000 అని రాస్తే, 14,000 చేతిలో పెట్టి తీసుకెళ్లవచ్చు. పైగా వేలంలో పలికిన ధర అందరికీ కనబడేదే.

యూరోపియన్ యూనియన్ బయటికి పోయే పెయింటింగ్ 50 ఏళ్లు దాటి, విలువ 1,50,000 యూరోలు మించితే యూనియన్ ఎగుమతి లైసెన్సు కూడా అవసరం. మన ఉదాహరణ ఆ దరిదాపుల్లో లేదు.

సుత్తి పడ్డ ధరకీ మీ ఖాతాలోంచి పోయేదానికీ తేడా

సుత్తి 8,000 యూరోల దగ్గర పడిందనుకుందాం. కొనుగోలుదారు కమిషన్‌ను ఇటలీలో "దిరీత్తి దాస్తా" అంటారు, సాధారణంగా 25 నుంచి 30 శాతం. 28 అనుకుంటే 2,240. వేరే వేదిక ద్వారా ఆన్‌లైన్‌లో పాడితే 3 నుంచి 5 శాతం ఇంకా కలుస్తుంది, 3 శాతమైతే 240. ఆ సంస్థ సొంత సైట్లో పాడితే చాలాచోట్ల ఇది ఉండదు కాబట్టి ముందే అక్కడ నమోదవండి.

తర్వాత చిత్రకారుడి వారసుల వాటా, "దిరీత్తో ది సెగ్వితో". చిత్రకారుడు పోయిన 70 ఏళ్ల దాకా 3,000 యూరోలు దాటిన అమ్మకాలకు వర్తిస్తుంది. మొదటి 50,000 మీద 4 శాతం, ఆపైన తగ్గుతూ పోతుంది, మొత్తం 12,500 మించదు. చట్టప్రకారం అమ్మేవారు భరించాలి. కొన్ని సంస్థలు కొనేవారి బిల్లులో వేస్తాయి, షరతుల్లో చూసుకోండి. వేస్తే 320. 1957లో పోయిన రోజాయ్‌కు ఇది 2027 చివరిదాకా, 1964లో పోయిన మొరాందీకి 2034 చివరిదాకా నడుస్తుంది.

అలా 8,000 కాస్తా 10,800 అయింది, ఇంకా పెట్టె చేయించలేదు. వ్యాట్ విషయంలో లాట్లు రెండు రకాలు. మార్జిన్ పద్ధతిలో ఉన్నవాటికి పన్ను కమిషన్‌లోనే దాగి ఉంటుంది. మామూలు పద్ధతిలో ఉన్నవాటికి బిల్లులో విడిగా వేస్తారు, అది 2025 జూలై 1 నుంచి ఇటలీలో 22 శాతం నుంచి 5కు తగ్గింది. మీ లాట్ ఏ రకమో, 8,000కు తెగితే బిల్లు ఎంతవుతుందో ముందే రాసి పంపమనండి.

ఈ లెక్కను వెనకనుంచి మొదలుపెట్టండి. ఇంటి గోడకు చేరేసరికి ఎంత ఖర్చు పెట్టగలరో రాసుకుని, రవాణా, కస్టమ్స్, కమిషన్ తీసేస్తే మిగిలేదే మీ ఆఖరి పాట. అది కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి.

వేలం రోజు

నమోదు కనీసం 48 గంటల ముందు పూర్తిచేయాలి: పాస్‌పోర్టు కాపీ, చిరునామా రుజువు, కొన్నిచోట్ల బ్యాంకు లేఖ లేదా డిపాజిట్. ఆఖరి గంటలో నమోదైన విదేశీ ఖాతాను సంస్థ ఆమోదించకపోవచ్చు.

ఇటలీ సమయం మనకన్నా శీతాకాలంలో నాలుగున్నర గంటలు, మార్చి చివరి నుంచి అక్టోబరు చివరిదాకా మూడున్నర గంటలు వెనక. అక్కడ మధ్యాహ్నం 3 అంటే ఇక్కడ జనవరిలో రాత్రి 7:30, జూన్‌లో సాయంత్రం 6:30. గంటకు 60 నుంచి 80 లాట్లు నడుస్తాయి. మీది 212 అయితే, వేలం ఒకటో లాట్ నుంచి మొదలైతే, సుమారు మూడు గంటలు పడుతుంది. అరగంట ముందే కూర్చోండి, మధ్యలో లాట్లు వెనక్కి తీసుకుంటే వరస ముందుకు దూకుతుంది.

మూడు దారులున్నాయి. ముందే గరిష్ఠ ధర రాసి ఇవ్వడం, ఫోన్ మీద పాడటం, ఆన్‌లైన్‌లో పాడటం. ఆన్‌లైన్‌లో రెండు మూడు సెకన్ల ఆలస్యం ఉంటుంది, ఇంటర్నెట్ పోతే లాట్ పోయినట్టే. నిజంగా కావాలనుకున్నదానికి ఫోనే మేలు, వేలానికి రెండు రోజుల ముందే కోరాలి. ఉద్వేగం అదుపులో ఉండదనుకుంటే రాసి ఇవ్వండి. రాసేటప్పుడు గుండ్రటి అంకె రాయకండి. 8,000 అని పది మంది రాస్తారు, సమానమైతే ముందు వచ్చినది గెలుస్తుంది. పాట మెట్ల ప్రకారం 8,500 వస్తుందేమో చూసుకుని ఒక మెట్టు పైకి రాయండి.

రిజేర్వా అంటే అమ్మేవారు అంతకు తక్కువ ఇవ్వనన్న రహస్య ధర. మామూలుగా అది కింది అంచనాను మించదు. కాబట్టి 6,000 అంచనా ఉన్నదాన్ని 3,500కు కొట్టేద్దామని ఆశపడకండి. అలాగని నిరాశ పడనక్కర్లేదు: లాట్ అమ్ముడుపోకపోతే మర్నాడు ఉదయమే సంస్థకు ఉత్తరం రాసి ధర అడగండి. వేలం తర్వాతి అమ్మకం ఇటలీలో చాలా మామూలు, అప్పుడు మీరొక్కరే.

డబ్బు, పెట్టె, ఓడరేవు

గెలిచాక బిల్లు ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. కట్టడానికి గడువు తరచూ 7 నుంచి 10 రోజులే, ఆపైన గోదాము అద్దె. బ్యాంకు వివరాలు ఉత్తరంలో వచ్చినవే వాడకండి, సంస్థ సైట్లోని నంబరుకు ఫోన్ చేసి ఖాతా నంబరు చదివించుకోండి. మధ్యలో ఉత్తరాలు మార్చి ఖాతా నంబరు మార్చే మోసాలు పెద్ద బిల్లుల చుట్టూనే జరుగుతాయి.

భారత్‌లో ఉన్నవారు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీం కింద ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. కళాఖండాల కొనుగోలుకు, వేలంసంస్థ ద్వారా అయినా, దీన్ని వాడొచ్చని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఏడాదిలో మొత్తం పంపినది 10 లక్షల రూపాయలు దాటితే ఆపై మొత్తానికి బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) కోస్తుంది. అది రిటర్నులో సర్దుకోవచ్చు, కానీ ఆ నెల మాత్రం చేతిలో ఉండాలి. బ్యాంకుకు బిల్లు, లాట్ పేజీ, పాస్‌పోర్టు కాపీ ముందే ఇవ్వండి, లేకపోతే వాళ్ల ప్రశ్నలకే గడువు అయిపోతుంది.

భారత కస్టమ్స్‌లో చేత్తో గీసిన పెయింటింగ్ శీర్షిక 9701. బేసిక్ సుంకం, దాని మీద సర్‌ఛార్జీ, ఆపైన ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద వేసే జీఎస్టీ. పెయింటింగుల జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కు తగ్గింది. బొమ్మ బయల్దేరకముందే కస్టమ్స్ బ్రోకరుకు బిల్లు పంపి లెక్క కాగితం మీద తెప్పించుకోండి. సుంకం బొమ్మ ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన విలువ మీద పడుతుంది.

ప్యాకింగ్‌ను మామూలు కొరియర్‌కు వదలొద్దు. బొమ్మ ముఖానికి ముందు సిలికాన్ పూసిన కాగితమో గ్లాసీన్ కాగితమో ఉండాలి. బుడగల ప్లాస్టిక్ రంగుకు నేరుగా తగిలితే వేడికి బుడగల గుర్తులు వార్నిష్ మీద అచ్చు పడతాయి. ఫ్రేముకు అద్దం ఉంటే దాని మీద టేపు అడ్డంగా నిలువుగా వేయమనండి. పెట్టె మామూలు కలపతో చేస్తే దాని మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర (కలపకు పురుగు పట్టకుండా శుద్ధి చేశారన్న గుర్తు) ఉండాలి, లేకపోతే రేవులో ఆగిపోతుంది. ప్లైవుడ్‌కు ఆ ముద్ర అవసరం లేదు, అందుకే చాలామంది ప్లైవుడ్ పెట్టే చేయిస్తారు. బీమా గోడ నుంచి గోడదాకా ఉండాలి. "మోసేవారి బాధ్యత" అని రాసిచ్చేది కిలోకు కొన్ని డాలర్లే ఇస్తుంది.

పెట్టె ఇంటికి వచ్చాక ఒక రోజంతా మూత తీయకుండా గదిలో ఉంచండి. విమానం చల్లదనంలోంచి మే నెల హైదరాబాదు వేడిలోకి ఒక్కసారిగా తీస్తే రంగు మీద తేమ పడుతుంది. తీసేటప్పుడు ప్రతి పొరకూ ఫొటో తీయండి, దెబ్బ ఉంటే బీమావారు మొదట అడిగేది అదే. నష్టం చెప్పే గడువు కొన్ని రోజులే ఉంటుంది.

విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో అట్ట బొమ్మకు శత్రువు తేమ. బయటి గోడకు తగిలించకండి, వానాకాలంలో ఆ గోడ వెనకనుంచి చెమ్మ పీల్చుకుంటుంది. ఫ్రేము అడుగు మూలల్లో రెండు బిరడాలు అంటిస్తే గోడకూ బొమ్మకూ మధ్య గాలి ఆడుతుంది. వెనక ఆమ్లం లేని అట్ట బిగిస్తే బూజు, బల్లిగుడ్లు, దుమ్ము అన్నీ బయటే ఉంటాయి. ఆ అట్ట బిగించే ముందు అసలు వెనకవైపు లేబుళ్లన్నింటినీ వెలుతురులో ఒకసారి పెద్దగా ఫొటో తీసి, ఆర్కీవియో పత్రం, బిల్లు, అత్తెస్తాతో కాపీలతో ఒకే కవరులో పెట్టండి. ఆ కవరును బొమ్మ వెనక అంటించకండి, వేరే బీరువాలో ఉంచండి.